కాయితం ఏ మడిలో ఆగింది?

చివరి మడికి నీళ్లు అందకపోతే రైతు ఏం చేస్తాడు? పార భుజాన వేసుకుని కాలువ వెంట పైకి నడుస్తాడు. ఎక్కడ గండి పడింది, ఎక్కడ పూడిక పేరుకుంది, ఎవరు అడ్డం కట్టుకున్నారు అన్నది తన కళ్లతో చూస్తాడు. తూము దగ్గర నిలబడి దాన్ని నాలుగు తిట్టి ఇంటికి తిరిగి వచ్చే రైతు ఎక్కడా ఉండడు.

అదే రైతు కచేరీలో దరఖాస్తు పెట్టుకున్నప్పుడు మాత్రం ఆ కాయితం వెంట నడవలేడు. "సారూ, నా కాయితం యాడిదాక వచ్చింది?" అని అడుగుతాడు. "పైకి పోయింది, సోమారం రా పెద్దమనిషీ" అంటారు. పైన అంటే ఎవరి బల్ల మీద? ఎన్ని రోజుల నుంచి? చెప్పేవారు ఉండరు. కొన్నిసార్లు ఆ మాట చెప్పిన గుమాస్తాకే తెలియదు.

కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలవడం కంటికి కనిపిస్తుంది. మూడో నది సరస్వతి అంతర్వాహిని అంటారు. 2025 మే నెలలో ఆ కనిపించని నదికే పుష్కరాలు జరిగాయి. కాళేశ్వరం రైతు కాయితం ఊరి నుంచి మహదేవపూర్ మండల కచేరీకి, అక్కడి నుంచి భూపాలపల్లికి పోయే తోవ కూడా ఒక అంతర్వాహినే. పోతున్నదని అందరూ అంటారు, పోతుంటే చూసినవారు లేరు.

ఈ తోవను కంటికి కనబడేలా చేసే విద్య ఒకటి పాతికేళ్లుగా పెరుగుతూ వస్తోంది. ఇంగ్లీషులో దాన్ని ప్రాసెస్ మైనింగ్ అంటారు. మైనింగ్ అంటే గని తవ్వడమని సింగరేణి గనులున్న భూపాలపల్లి వారికి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ బొగ్గు తవ్వుతారు, ఇక్కడ కంప్యూటర్‌లో పడి ఉన్న తేదీలు తవ్వుతారు. పేరు చూసి ఇది మనకు సంబంధించింది కాదని రైతు సోదరులు పేజీ తిప్పేయవద్దు. చదివిన తర్వాత, ఇది పెన్సిలుతో మనమూ చేసుకోగల పనే అనిపించవచ్చును.

మూడు గడుల లెక్క

కచేరీలో కంప్యూటర్ మీద ఎవరు ఏ మీట నొక్కినా అది మూడు సంగతులను గుర్తు పెట్టుకుంటుంది. ఏ దరఖాస్తు, ఏ పని, ఏ రోజు ఎన్ని గంటలకు. అంతే. దరఖాస్తు తీసుకున్నారు, విచారణకు పంపారు, నివేదిక వచ్చింది, వెనక్కి పంపారు, ఉత్తర్వు ఇచ్చారు. ఒక్కోదానికి ఒక్కో వరుస. చాలాచోట్ల నాలుగో గడిలో ఆ పని చేసినవారి హోదా కూడా ఉంటుంది.

ఇలాంటి వరుసలను వేలకు వేలు ఒకచోట పోసి, వాటిలోంచి దరఖాస్తులు నిజంగా నడిచిన తోవను బొమ్మగా గీయించవచ్చునని నెదర్లాండ్స్ దేశంలోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన విల్ వాన్ డెర్ ఆల్స్ట్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 1990ల చివర నుంచి చేసి చూపుతూ వచ్చారు. ఆయన 2018 నుంచి జర్మనీలోని ఆకెన్‌లో పనిచేస్తున్నారు. ఆ బొమ్మలో తోవలు గీతలుగా కనబడతాయి. ఎక్కువ దరఖాస్తులు నడిచిన తోవ లావుగా ఉంటుంది. ఎక్కడ గుట్టగా ఆగాయో అక్కడ రోజుల లెక్క పడుతుంది. రూలు పుస్తకంలో రాసిన తోవను పక్కన పెట్టి చూస్తే రెండింటికీ తేడా తెలిసిపోతుంది.

పాతకాలం వారికి ఇది మరీ కొత్తగా అనిపించదు. మన కచేరీల్లో ప్రతి గుమాస్తా దగ్గర పర్సనల్ రిజిస్టర్ అనే పెద్ద పుస్తకం ఉండేది. వచ్చిన ప్రతి కాయితానికీ ఒక నంబరు వేసి, ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పై అధికారి ముందు పెట్టారు, ఎప్పుడు తిరిగి వచ్చింది అని అందులో ఎక్కించాలి. పై అధికారి అప్పుడప్పుడు ఆ పుస్తకం తెప్పించుకుని తనిఖీ చేయాలి. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఎక్కడంటే, ఒక గుమాస్తా పుస్తకంలో ఆ గుమాస్తా బల్ల మాత్రమే కనబడుతుంది. నాలుగు బల్లలు, మూడు కచేరీలు దాటే ఫైలు మొత్తం తోవ ఏ ఒక్క పుస్తకంలోనూ ఉండదు. ఆ పుస్తకాలన్నీ దారంతో కలిపి కుట్టినట్టు చేసేదే ఈ కొత్త విద్య.

తొంభై అయిదు రోజులు, రెండు రోజుల పని

లెక్క తెలియడానికి ఒక దరఖాస్తును ఊహించుకుందాం. ఒక సన్నకారు రైతుకు ఎకరం 20 గుంటల చెలక ఉంది. పాసుపుస్తకంలో ఎకరం 2 గుంటలని పడింది. సవరణ కోసం జూన్ 2న మీసేవలో దరఖాస్తు పెట్టాడు.

జూన్ 4న అది ఆర్‌ఐ విచారణకు వెళ్లింది. 23న ఆయన నివేదిక వచ్చింది. 24న సర్వేయర్‌కు పంపారు. ఆగస్టు 4న కొలత జరిగింది. 5న ఫైలు పై కచేరీకి పోయింది. 19న "పాత పహాణీ నకలు జతచేయలేదు" అని వెనక్కి వచ్చింది. రైతు పరుగున నకలు తెచ్చి ఇస్తే 25న మళ్లీ పైకి పంపారు. సెప్టెంబరు 5న ఉత్తర్వు వచ్చింది.

మొత్తం 95 రోజులు. ఇందులో మనుషులు నిజంగా పని చేసింది ఎంత? ఆర్‌ఐ పొలం మీదికి వచ్చింది ఒక పూట. సర్వేయర్ గొలుసు పట్టింది ఒక పొద్దు. పై కచేరీలో కాయితాలు చదివి సంతకం పెట్టడానికి గంటో రెండు గంటలో. అన్నీ కలిపితే రెండు రోజులు దాటదు. మిగతా 93 రోజులు కాయితం కూర్చునే ఉంది. సర్వేయర్ వంతు కోసం 41 రోజులు. పహాణీ నకలు లేనందువల్ల పైకి పోయి, తిరిగి వచ్చి, మళ్లీ పైకి పోయినందుకు 31 రోజులు. దరఖాస్తు తీసుకున్న నాడే "ఈ నకలు కావాలె" అని చెప్పి ఉంటే ఈ 31లో సగానికి పైగా మిగిలేవి.

ఈ ఒక్క దరఖాస్తు చూసి రైతు ఆర్‌ఐని తిడతాడు, ఎందుకంటే తనకు కనబడింది ఆయనే. అదే నాలుగు వందల దరఖాస్తులు పక్కపక్కన పరిచి చూస్తే ఇంకొక సంగతి బయటపడవచ్చును. అన్నీ సర్వేయర్ దగ్గరే ఆగుతున్నాయనుకోండి. అప్పుడది ఎవరి బద్ధకమూ కాదు. మండలమంతటికీ ఒక్క మనిషి గొలుసు పట్టుకుని తిరుగుతున్నాడన్నమాట. దానికి మందు మెమో ఇవ్వడం కాదు, ఇంకో సర్వేయర్‌ను పెట్టడం. తెలంగాణలో 2025లో లైసెన్సు సర్వేయర్లకు శిక్షణ ఇచ్చి రంగంలోకి దింపడం మొదలుపెట్టింది ఇటువంటి కొరత తీర్చడానికే. ఇంకోచోట అన్నీ ఒకే నకలు లేక వెనక్కి వస్తున్నాయనుకోండి. దానికి మందు దరఖాస్తు ఫారంలో ఒక వాక్యం చేర్చడం. ఖర్చు కూడా లేదు.

రోగం ఎక్కడుందో తెలియకుండా మందు కొట్టడం ఎంత నష్టమో పత్తి, మిర్చి రైతులకు తెలుసు. కచేరీల విషయంలో మనం, ప్రభుత్వాలు కూడా, చాలాకాలం చేసింది అదే.

జర్మనీ రైతుల దరఖాస్తులు

ఈ పద్ధతిని రైతుల కాయితాల మీదే ప్రయోగించి చూసిన సందర్భం ఒకటి ఉంది. ఐరోపా దేశాల రైతులకు సాగు విస్తీర్ణాన్ని బట్టి ఏటా నేరుగా సొమ్ము ఇస్తారు. మన రైతుబంధుకు దూరపు చుట్టం వంటిదే. రైతు ఏటా దరఖాస్తు పెట్టాలి, పొలాల పటం సరిపోవాలి, కొన్నింటిని తనిఖీ చేయాలి, ఆ తర్వాత సొమ్ము. జర్మనీలో అటువంటి దరఖాస్తుల మూడేళ్ల రికార్డును రైతుల పేర్లు తీసేసి 2018లో ప్రపంచంలోని పరిశోధకులందరి ముందు పెట్టారు. ఎవరైనా తవ్వి చూసి చెప్పండి అన్నారు.

43,809 దరఖాస్తులు. వాటి మీద కంప్యూటర్ నమోదు చేసుకున్న పనుల వరుసలు 25,14,266. అంటే సగటున ఒక్కో దరఖాస్తు 57 మెట్లు ఎక్కి దిగింది. జర్మనీ అంటే అన్నీ గడియారంలా నడుస్తాయని మనవాళ్లు అనుకుంటారు కదా, అక్కడా రైతు కాయితానికి 57 మెట్లు!

పరిశోధకులను అడిగిన ప్రశ్నలు గమనించదగినవి. ఏ దరఖాస్తులకు సొమ్ము ఏడాది దాటి ఆలస్యం కాబోతోందో ముందుగానే పసిగట్టగలరా? సొమ్ము ఇచ్చేశాక మళ్లీ ఫైలు తెరవాల్సి వచ్చి, కొంత వెనక్కి కట్టమని రైతును అడగాల్సిన అవస్థ ఏ దరఖాస్తులకు వస్తుంది? ఒకే చట్టం కింద పనిచేసే నాలుగు స్థానిక కచేరీలు ఒకే తీరుగా నడుస్తున్నాయా, ఎవరి తోవ వారిదా? ఈ మూడూ రైతు వైపు నుంచి అడిగిన ప్రశ్నలే. ఎన్ని ఫైళ్లు పరిష్కరించారు అని అడగలేదు, రైతుకు ఇబ్బంది ఎక్కడ పుడుతోంది అని అడిగారు.

మన దగ్గర తేదీలు చెప్పిన నిజాలు

మన దేశంలో కూడా తేదీలు తవ్వి తీస్తే జనం అనుకున్నదానికి విరుద్ధమైన సంగతి బయటపడ్డ ఉదాహరణ ఉపాధి హామీ పథకం. పని చేసిన కూలీకి 15 రోజుల్లో డబ్బు అందాలని, ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలని ఆ పథకం నిబంధనల్లో ఉండేది. డబ్బు రాకపోతే కూలీలు ఎవరిని నిలదీసేవారు? ఊళ్లో కనబడే ఫీల్డ్ అసిస్టెంట్‌ను. మస్టర్ వేయలేదనో, కొలతలు రాయలేదనో ఆయన మీద పడేవారు.

కొందరు పరిశోధకులు 2016-17కు చెందిన 90 లక్షలకు పైగా చెల్లింపుల తేదీలను 10 రాష్ట్రాల్లో వరుసగా చూశారు. మస్టర్ ముగిసిన తేదీ, చెల్లింపు ఉత్తర్వు తయారైన తేదీ, డబ్బు ఖాతాలో పడ్డ తేదీ. గడువులోపు అందినవి 21 శాతమే అని తేలింది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. కింది నుంచి ఉత్తర్వు పైకి పోయిన తర్వాత కేంద్ర ప్రభుత్వ స్థాయిలోనే సగటున 50 రోజులకు పైగా ఆలస్యం జరుగుతోంది. పరిహారం లెక్కగట్టేటప్పుడు మాత్రం కింది స్థాయి ఆలస్యాన్నే లెక్కలోకి తీసుకుంటున్నారు. ఢిల్లీలో ఆగిన రోజులకు లెక్కే లేదు. ఈ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. రెండో దశ ఆలస్యానికి కూడా కూలీలకు పరిహారం ఇవ్వాల్సిందేనని 2018 మే నెలలో కోర్టు చెప్పింది.

ఫీల్డ్ అసిస్టెంట్లు అందరూ ధర్మరాజులని ఈ మాటకు అర్థం కాదు. కానీ తేదీలు చూడకుండా తిట్టుకుంటూ పోతే తిట్టు తగలాల్సినచోట తగలదు.

ఇంకో ఉదాహరణ మన రాష్ట్రంలోనిదే. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4 వేల రూపాయల చొప్పున చెక్కులు పంచారు. సుమారు 57 లక్షల మంది రైతులకు. చెక్కులు అచ్చయ్యాయి, మండలాలకు చేరాయి అని కచేరీ కాయితాల్లో ఉంటుంది. రైతు చేతికి చేరిందా అన్నది ఆ కాయితం చెప్పదు. అందుకని కార్తీక్ మురళీధరన్ తదితర ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి ఒక పని చేశారు. చీట్లు తీసినట్టు కొన్ని మండలాలను ఎంచుకుని, "మీ మండలం రైతులకు ఫోన్లు చేసి చెక్కు అందిందా అని అడుగుతాం" అని అక్కడి అధికారులకు ముందుగా చెప్పారు. అంతే, జీతాలు పెంచలేదు, ఎవరినీ బదిలీ చేయలేదు. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య మిగతా చోట్ల కంటే 7.8 శాతం తగ్గింది. కాలువ చివరి మడి దగ్గర ఎవరో నిలబడి చూస్తున్నారని తెలిస్తే పైన నీళ్లు వదిలేవారు కాస్త జాగ్రత్తగా వదులుతారు.

ఒకే తూముకు కట్టిన చెరువు

భూమి కాయితాల సంగతికి వద్దాం. ఇది చెప్పకుండా ఈ వ్యాసం రాసి లాభం లేదు.

1984 దాకా పట్వారీ దస్తరమే సర్వస్వం. అన్యాయాలు ఎన్ని ఉన్నా కాయితం ఎక్కడుందో ఊరికి తెలుసు, పట్వారీ ఇంట్లో ఉంది. తర్వాత మండలాలు, వీఆర్వోలు వచ్చారు. 1998 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలోని 214 రిజిస్ట్రేషన్ కచేరీల్లో కంప్యూటర్లు పెట్టారు. 2011లో మీసేవ వచ్చింది. రిజిస్ట్రేషన్ వేగమైంది గానీ మ్యుటేషన్ వేరే కచేరీలో వేరే ఫైలుగానే నడిచేది. కాలువలో ఒక వంపు మాత్రం సిమెంటు చేసి మిగతాది మట్టిగా వదిలినట్టు. రిజిస్ట్రేషన్ అయి మ్యుటేషన్ కాని భూములను ఇంకొకరికి అమ్మేసిన ముచ్చట్లు అందుకే పుట్టాయి.

2020 అక్టోబరు 29న ధరణి వచ్చాక ఆ రెండు కచేరీల మధ్య ఎడం తీసేశారు. వ్యవసాయ భూమికి తహసీల్దారు దగ్గరే రిజిస్ట్రేషన్, అప్పుడే మ్యుటేషన్. ఇది మంచి మార్పు, ఒప్పుకోవాలి. అయితే రికార్డులో పడ్డ తప్పులు సవరించే అధికారం కింద లేకుండా పోయింది. పేరు తప్పయినా, విస్తీర్ణం తప్పయినా, సర్వే నంబరే కనబడకపోయినా దరఖాస్తు కలెక్టర్ దాకా పోవాలి. జిల్లా ఆయకట్టు మొత్తానికి ఒకే తూము! అంతకు కొన్ని వారాల ముందే వీఆర్వో వ్యవస్థనూ రద్దు చేశారు కాబట్టి ఊళ్లో అడగడానికి మనిషి కూడా లేకపోయాడు. 2024 ఫిబ్రవరి నాటికి దాదాపు రెండున్నర లక్షల దరఖాస్తులు పెండింగులో ఉన్నాయి.

ఆ నెలాఖరులో ప్రభుత్వం సర్క్యులర్ ఇచ్చి అధికారాలు పంచింది. కొన్ని రకాలు తహసీల్దారుకు, కొన్ని ఆర్డీవోకు, కొన్ని అదనపు కలెక్టరుకు, మిగతావి కలెక్టరుకు. తహసీల్దారు 7 రోజులు, ఆర్డీవో 3, అదనపు కలెక్టరు 3, కలెక్టరు 7 రోజులు అని గడువులు కూడా పెట్టారు. ఆ తర్వాత 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. మొదట నాలుగు మండలాల్లో పరీక్షించారు, అందులో ఒకటి మన పొరుగు జిల్లా ములుగులోని వెంకటాపూర్. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెడితే రాష్ట్రమంతటా ఎనిమిదిన్నర లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులను ఊళ్లకు పంపారు.

ఇక్కడ ఈ పేజీ అభిప్రాయం ఒకటి చెప్పాలి. 2020లోనే తేదీల వరుసలు కంప్యూటర్‌లో పడుతున్నాయి. ప్రతి మూడు నెలలకోసారి వాటిని తవ్వి చూసి ఉంటే, కలెక్టర్ లాగిన్ దగ్గర గుట్ట పెరుగుతోందని మొదటి ఏడాదే బొమ్మలో కనబడేది. నాలుగో ఏడు దాకా ఆగాల్సిన పని లేదు. ఒక రైతుకు నాలుగేళ్లంటే ఎనిమిది పంటలు. పాసుపుస్తకం లేని ఎనిమిది పంటలు అంటే బ్యాంకు అప్పు లేకుండా, పెట్టుబడి సాయం లేకుండా, షావుకారు వడ్డీ మీద పండించిన పంటలు.

యంత్రం చూడలేనివి

ఈ విద్యను ఆకాశానికి ఎత్తడం మా ఉద్దేశం కాదు. దీనికి కొన్ని గుడ్డి కోణాలు ఉన్నాయి.

మొదటిది, తిరస్కరించిన దరఖాస్తు కూడా కంప్యూటర్ లెక్కలో "పరిష్కరించినది" అయిపోతుంది. గడువు ముగుస్తోందంటే ఒక సంతకంతో తిరస్కరించి గడియారం ఆపేయవచ్చును. రైతు మళ్లీ ఫీజు కట్టి కొత్త నంబరుతో దరఖాస్తు పెడతాడు. యంత్రానికి అవి రెండు వేగమైన ఫైళ్లు. రైతుకు అది ఒకే గోస. కాబట్టి ఫైలు నంబరు వెంట కాకుండా ఆ సర్వే నంబరు వెంట, ఆ రైతు వెంట పోయి లెక్క తీయాలి.

రెండోది, సొరుగులో పెట్టిన కాయితం కంప్యూటర్‌కు కనబడదు. విచారణ మే నెలలో చేసి, వివరాలన్నీ జూలైలో ఒక్క సాయంత్రం కూర్చుని ఎక్కిస్తే తేదీలన్నీ జూలైవే అవుతాయి. ధాన్యం కొనుగోలులో ఇది రైతులందరికీ అనుభవమే. కుప్ప పోసిన రోజు ఎక్కడా రాయరు. తేమ 17 శాతానికి వచ్చేదాకా ఆరబెట్టిన రోజులు, గోనె సంచుల కోసం, లారీ కోసం కాపలా కాసిన రాత్రులు ఎక్కడా ఉండవు. ట్యాబ్‌లో ఎంట్రీ పడ్డ రోజు నుంచే సర్కారు గడియారం నడుస్తుంది. ఎంట్రీ పడ్డ తర్వాత డబ్బు తొందరగా వచ్చిందని లెక్క చూపవచ్చును, వర్షానికి తడిసింది మాత్రం అంతకు ముందే.

మూడోది కౌలు రైతు. ఆయన పేరు మీద దరఖాస్తే లేదు. దరఖాస్తు లేనివాడికి తోవే లేదు, కాబట్టి ఆలస్యమూ లేదు! గేటు లోపలికి రానివారి బాధ ఎంత మంచి యంత్రమైనా తవ్వి తీయలేదు.

ఇంకో మాట. ఆగిన ప్రతి రోజూ వృథా కాదు. తండ్రి పోయాక విరాసతు దరఖాస్తు పెడితే వారసులందరికీ నోటీసు ఇచ్చి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, ఆ తర్వాతే పేరు ఎక్కించాలి. అన్నదమ్ములు ఇద్దరూ వచ్చి "మేమిద్దరమే" అని చెబితే మూడో రోజే ఉత్తర్వు ఇచ్చేస్తే, పెళ్లయి వేరే ఊరు పోయిన ఆడబిడ్డ హక్కు ఏం కావాలి? మన ఉమ్మడి రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకు 1985లోనే సమాన హక్కు ఇచ్చారు, 2005లో దేశమంతా కూతుళ్లందరికీ ఇచ్చారు. నోటీసు కోసం ఆగే రోజులు ఆమె రక్షణ కోసం ఉన్నవి. నకలు లేదని ఆగే రోజులు ఎవరి కోసమూ ఉన్నవి కావు. ఏ రోజులు తీసేయాలి, ఏవి ఉంచాలి అన్నది మనుషులే కూర్చుని తేల్చాలి.

పెన్సిలు, రూళ్ల నోటుబుక్కు

ఇక రైతు సోదరులు, సోదరీమణులు చేయగలిగింది చూద్దాం.

దరఖాస్తు ఎక్కడ పెట్టినా రసీదు లేకుండా వెనక్కి రాకూడదు. మీసేవ రసీదు మీద దరఖాస్తు నంబరు ఉంటుంది. చేత్తో ఇచ్చే అర్జీ అయితే రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. పిల్లల పాత నోటుబుక్కులో ఒక పేజీకి మూడు గీతలు కొట్టి, తేదీ, ఏ కచేరీలో ఎవరి హోదా, ఏం జరిగింది లేదా ఏం చెప్పారు అని రాసుకుంటూ పోవాలి. "సోమారం రా" అన్నది కూడా రాయాలి. చదువు రాకపోతే ఇంట్లో బడికి పోయే పిల్లలతో రాయించవచ్చును. ఎవరి పేరూ, నిందా అవసరం లేదు. హోదా, తేదీ చాలు.

గడువు దాటాక సమాచార హక్కు చట్టం 2005 కింద అడగవచ్చును. దానికి వకీలు అక్కరలేదు, తెల్లకాయితం చాలు. ఊరి స్థాయి కచేరీలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఆధారం జతచేస్తే ఎక్కడా ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏమడగాలన్నదే ముఖ్యం. "నా పని ఎందుకు కాలేదు" అని అడిగితే "పరిశీలనలో ఉన్నది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దానికి బదులు ఇలా రాయాలి: "ఫలానా నంబరు దరఖాస్తు ఏ ఏ తేదీల్లో ఏ ఏ హోదా గల అధికారి వద్దకు చేరినది, ప్రతి ఒక్కరి వద్ద నుంచి ఏ తేదీన ముందుకు గానీ వెనుకకు గానీ పంపబడినది, అట్టి వివరములు, ఫైలులోని నోట్ షీట్ నకలు ఇవ్వగలరు." ఇలా అడిగితే దాటవేయడం కష్టం. తేదీలకు తేదీలే జవాబు.

30 రోజుల్లో రాకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చును. దానికి మళ్లీ 30 రోజుల గడువు ఉంటుంది.

ఒక్కరి తేదీలు ఒక గోడు. ఊళ్లో ఇరవై మంది తేదీలు ఒకచోట చేరిస్తే అది బొమ్మ అవుతుంది. పొదుపు సంఘం సమావేశంలోనో, రైతు వేదిక దగ్గరో ఒక ఆదివారం కూర్చుని, ఇరవై నోటుబుక్కులు తెరిచి, ఒక చార్టు కాయితం మీద ఎవరి ఫైలు ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో గీతలు పెట్టి చూడండి. పద్నాలుగు గీతలు ఒకేచోట పడితే గుట్ట ఎక్కడుందో మీకు కనబడినట్టే. ఆ చార్టును సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణికి పట్టుకుపోవచ్చును. విడివిడిగా ఇరవై అర్జీలు ఇస్తే ఇరవైకీ వేరువేరు నంబర్లు పడి మళ్లీ అవే బల్లల మీదికి పోతాయి. ఒకే చార్టు అయితే "సర్వేయర్ వంతు దగ్గర పద్నాలుగు ఆగినయి సారూ" అని ఒక్క మాటలో అడగవచ్చును.

మహదేవపూర్ మండలం వారికి ఇంకో సూచన. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేదాకా ఈ మండలం కరీంనగర్ జిల్లాలో ఉండేది. పాత పహాణీలు, పాత ఫైళ్ల నకళ్లు అడిగేటప్పుడు అది ఏ సంవత్సరానికి చెందినదో, అప్పటి జిల్లా, డివిజన్ పేర్లేమిటో దరఖాస్తులోనే రాస్తే, "మా దగ్గర లేదు, అక్కడ అడగండి" అనే ఒక తిరుగుడు తప్పవచ్చును. ఇంట్లో పాత శిస్తు రసీదులు, పట్వారీ కాలం నాటి కాయితాలు ఉంటే వాటికి ఇప్పుడే రెండు జెరాక్సులు తీయించి, అసలు ఇంట్లో ఉంచి, నకలు మాత్రమే కచేరీకి ఇవ్వాలి.